మందలించి పోదామని

బోరింగు కోసం సెలవు

సెలవు ఎందుకని మా బ్యాంకు మేనేజరు అడిగితే, కరీంనగర్ అవతల ఒక బోరింగు ఉంది, చూసి రావాలి అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "తెనాలిలో బోరింగులే లేవా మేడమ్?" అన్నాడు. ఉన్నాయి. కాని అవి సినిమాలో నటించలేదు.

ఆ సినిమా పేరు 'మందలిచ్చుడు'. మీరు చూసి ఉండరు. మా వైపు ఎవరూ చూసినట్టు లేదు. పేరు చూసి, బెత్తం పుచ్చుకున్న తండ్రి పిల్లల్ని దారిలో పెట్టే నీతికథ కాబోలనుకుని పక్కకు తోసేసి ఉంటారు. ఫోన్లో ఇంకేదో వెతుకుతుంటే మా తమ్ముడు ప్రసాద్‌కు దొరికింది. సిరిసిల్లలో రాజేశం అనే నేతపనివాడికి మతి చెదురుతుంది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుండి ఊరికి తిరిగొస్తాడు. జనం అతన్ని చూసి పక్క సందులోకి తిరిగిపోతుంటారు. అతను పొద్దున్నే బయల్దేరి వీధిలో బోరింగును, కరెంటు స్తంభాన్ని, మూతపడిన దుకాణం తాళాన్ని "మంచిగున్నవా?" అని అడుగుతూ తిరుగుతాడు. ఒకనాడు బోరింగు "మంచిగున్న బిడ్డా" అని జవాబిస్తుంది. దాని వెనక వంగి బిందె నింపుకుంటున్న ముసలామె పలికిన మాట అది. తర్వాత స్తంభం పలుకుతుంది, తాళం పలుకుతుంది. వస్తువుల వెనక దాక్కుని అతనికి జవాబు చెప్పడం ఊరంతా నేర్చుకుంటుంది. అంతే కథ. పాటల్లేవు, కొట్లాటల్లేవు. చివర్లో అతనికి నయమైందో లేదో కూడా చెప్పరు.

ప్రసాద్‌కు నలభై దాటాయి. కాలేజీ రోజుల్లో మొదలైన జబ్బు. డాక్టర్లు రాసే పేరు స్కిజోఫ్రీనియా, మా అమ్మ పెట్టిన పేరు 'వాడి వరస'. "ఇవాళ వాడి వరస బాగుంది, పప్పుచారు అడిగాడు" అనేది. లేచింది మొదలు తిడుతూనే ఉండేది. స్నానం చెయ్యరా, మాత్ర వేసుకోరా, ఆ గోడనేం చూస్తావురా, నన్ను చూడు. అమ్మ పోయాక వాడు నా ఫ్లాటుకు వచ్చాడు. నేను బ్యాంకుకు పోతే సాయంత్రం దాకా వాడికి గోడలే దిక్కు. అపార్టుమెంటులో వాడు మెట్లు దిగుతుంటే జనం తలుపులు దగ్గరికి వేసుకుంటారు. అందుకే గుంటూరు అవతల ఒక హోమ్ చూశాను. మంచి చోటే. తోట ఉంది, డాక్టరు వస్తుంటాడు. ఒక మంచం ఖాళీగా ఉంచుతాం, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పండి అన్నారు. ప్రసాద్‌తో చెబితే వాడు సరేననలేదు, వద్దనలేదు. "ముందు ఆ బోరింగు చూసొద్దాం అక్కా. రాజేశానికి నయమైందో లేదో ఎవరినైనా అడగాలి" అన్నాడు. అమ్మ పోయాక వాడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

సినిమాలో ఒక మాట ఉంది. రాజేశం బోరింగు పక్కన కూర్చుని, "ఊరంత ఉన్నది గని నన్ను మందలిచ్చేటోడు ఒక్కడు లేడు" అని కళ్ళు తుడుచుకుంటాడు. తిట్టేవాళ్ళు లేరని ఏడ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు, నవ్వొచ్చింది. ప్రసాద్ నవ్వలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. "నిజమే కదక్కా. ఇప్పుడు నన్ను మందలించేవాళ్ళెవరున్నారు?" అన్నాడు. అమ్మ గుర్తొచ్చి అప్పుడు నేనూ ఏడ్చాను.

కరీంనగర్‌లో అవ్వనయ్యాను

హైదరాబాదులో బస్సు మారాం. కండక్టర్ నన్ను చూసి, "ఆధార్ సూపెట్టుండ్రి మేడం, ఫ్రీ" అన్నాడు. దర్జాగా తీసిచ్చాను. తిప్పి చూసి, "గిది నడువది. మీది ఆంధ్రా గదా" అని టికెట్టు చేతిలో పెట్టాడు. మా వైపు బస్సుల్లో నాకు ఉచితం, ఇక్కడి ఆడవాళ్ళకు ఇక్కడ ఉచితం, ప్రసాద్‌కు ఎక్కడైనా టికెట్టే. "అన్ని రాష్ట్రాలూ సమానంగా చూసేది నన్నొక్కణ్ణే అక్కా" అన్నాడు వాడు. వాడు హాస్యమాడి ఎంత కాలమైందో!

కరీంనగర్ బస్టాండులో దిగేసరికి ఆకలి దంచుతోంది. బండి దగ్గర నిలబడితే, వెనక నుంచి ఒక యువకుడు, పాతికేళ్ళు కూడా ఉండవు కాబోలు, "అవ్వా, జర జరుగుండ్రి" అన్నాడు. జుట్టుకు రంగు వేసుకుని మరీ బయల్దేరిన మనిషిని! "ఎవరయ్యా అవ్వ?" అని అతని మీదికి లేచాను. పాపం తెల్లబోయాడు. బండి ఆయన నవ్వుతూ, "అవ్వ అంటె మా దిక్కు అమ్మ మేడం, ముసలామె గాదు" అని సర్దిచెప్పాడు. భాష ఒక్కటే అనుకుని బయల్దేరడం ఎంత పొరపాటో ఆ పూటే నాకు అర్థం కావలసింది. కాలేదు.

ఆ బండి మీద తిన్నది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగున వేళ్ళతో ఒత్తి, చిల్లులు పెట్టి కాలుస్తారు. మన తపాలచెక్కకు అక్కగారు. ఒకటి ముప్పై రూపాయలు, ఒకటి తింటే మధ్యాహ్నం భోజనం గుర్తురాదు. కాఫీ మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇక్కడ అందరిదీ చాయే.

బోరింగు పలికింది

సిరిసిల్లలో మేం దిగినప్పుడు కరెంటు లేదు. నేతవాడ నిశ్శబ్దంగా ఉంది. ఇంటింటా మరమగ్గాలు, వీటిని సాంచెలంటారు, ఆగిపోయి ఉన్నాయి. మగవాళ్ళు అరుగుల మీద బీడీలు కాలుస్తున్నారు. సినిమాలో బోరింగు ఎక్కడని అడగ్గానే ఒకాయన, ఎవరి ఇల్లో చెప్పినంత తేలిగ్గా, చేయి చూపించాడు.

అదే బోరింగు. సినిమాలో దాని పిడికి కట్టిన ఎర్రగుడ్డ కూడా ఉంది, కాకపోతే వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. ప్రసాద్ దాని ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు బాగా తగ్గించి, "బాగున్నావా?" అన్నాడు.

"మంచిగున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా?"

సినిమాలో గొంతే! బోరింగు వెనక అరుగు మీద ఒక ముసలామె కూర్చుని దారం కండెలు బుట్టలో సర్దుకుంటోంది. పేరు కనకవ్వ. సినిమా తీసింది ఆమె మనవడే, ఇప్పుడు పెండ్లి వీడియోలు తీసుకుంటూ ఊరూరా తిరుగుతున్నాడు. "నన్ను గుడ ఆక్ట్ చెయ్యమన్నడు. మొకం సూపియ్య బిడ్డా, కావాల్నంటె మాట ఇస్త అన్న" అని చెప్పి నవ్వింది. సినిమాలో ఆమె వీపు మాత్రమే కనిపిస్తుందని అప్పుడు గుర్తొచ్చింది.

ప్రసాద్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఏదో అడగబోయాడు. అప్పుడే కరెంటు వచ్చింది.

ఒక్కసారిగా వాడలో సాంచెలన్నీ మొదలయ్యాయి. ఆ మోతకు నేను కూడా ఉలిక్కిపడ్డాను. ప్రసాద్ చెవులు మూసుకుని గోడ వారగా జారిపోయాడు. చెమటలు కారుతున్నాయి, పెదాలు ఏవో మాటలు గొణుగుతున్నాయి. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా నేను వినే మాటలే అవి. జనం పోగయ్యారు. "ఏం లేదు, ఏం లేదు, జరగండి" అని నేను అందరినీ తోసేస్తున్నాను. సిగ్గో కోపమో నాకే తెలియదు. కనకవ్వ మాత్రం అరుగు దిగి, కొంగు నడుముకు చెక్కుకుని, ఇంటింటి ముందూ ఆగి, "బంద్ చెయ్యుండ్రి! జరంతసేపు బంద్ చెయ్యుండ్రి!" అని అరుస్తూ వాడ చివరిదాకా పోయింది. సాంచెలు ఒక్కొక్కటీ ఆగాయి. గుడ్డ ఎన్ని గజాలు దిగితే అంత కూలి వాళ్ళకు, పైగా అంతసేపూ కరెంటు లేదు. అయినా ఒక్కరూ ఎందుకని అడగలేదు. ప్రసాద్ లేచి నిలబడేదాకా ఆ వాడ మా కోసం ఆగింది. నేను థాంక్స్ కూడా చెప్పకుండా వాణ్ణి ఆటో ఎక్కించి లాడ్జికి లాక్కుపోయాను.

లాడ్జిలో నా పోట్లాట

మర్నాడు పొద్దున తలుపు కొట్టారు. తీస్తే కనకవ్వ. చేతిలో స్టీలు డబ్బా.

"నిన్న పిలగానికి సుస్తయ్యె గదా. జర మందలిచ్చి పోదామని వచ్చిన" అంది.

రాత్రంతా సరిగ్గా నిద్ర లేదు నాకు. సర్రున కోపం లేచింది.

"మందలించడమా! ఏం తప్పు చేశాడని వాణ్ణి మందలిస్తారమ్మా? ఒంట్లో బాగాలేక కూలబడ్డాడు. మీ పని చెడిపోయిన మాట నిజమే. దానికి నన్ను అనండి, పడతాను. వాణ్ణి మాత్రం అంటే ఊరుకోను."

ఆమె డబ్బా గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, మందలిచ్చుడు గుడ తప్పేనా? మీ దిక్కు మనిషిని మనిషి మందలియ్యరా?"

"కారణం లేకుండా మేం ఎవర్నీ మందలించం!"

"మందలిచ్చెతందుకు కారణమెందుకు బిడ్డా?" అంది ఆమె, నిజంగానే అర్థం కాక.

గొడవ విని లాడ్జి గుమస్తా పైకి వచ్చాడు. కొంతకాలం బెజవాడలో పనిచేసిన మనిషి. విషయం వినగానే గోడకు చేయి ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. "మేడం, మా దిక్కు మందలిచ్చుడంటె తిట్టుడు గాదు. పలకరిచ్చుడు. మంచిగున్నవా, తిన్నవా అని అడుగుడు. గీ అవ్వ మీ తమ్మున్ని సూసిపోదామని వచ్చింది, గంతే."

నేను మంచం అంచున కూలబడ్డాను. వెనక దుప్పటిలోంచి ఒక శబ్దం వచ్చింది. ప్రసాద్ నవ్వుతున్నాడు. దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఒళ్ళంతా కదిలేట్టు నవ్వుతున్నాడు. కనకవ్వ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "నీకు నీ తమ్మునంటె పాణం, అందుకే గంత లేస్తివి. ఫికర్ చెయ్యకు" అని డబ్బా మూత తీసింది. వేడి వేడి సర్వపిండి. నిన్న బండి మీద తిన్నదాన్ని దీని పక్కన పెట్టకూడదు.

ఆమె వెళ్ళాక ప్రసాద్ లేచి కూర్చున్నాడు.

"అయితే అక్కా, రాజేశం ఏడ్చింది తిట్టేవాళ్ళు లేరని కాదు."

"కాదురా."

"మరి నేను ఏడ్చింది?"

స్నానం చెయ్యరా, మాత్ర వేసుకోరా, నన్ను చూడు. అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడితో అన్న మాటలన్నీ చెవుల్లో తిరిగాయి. వాటిని తిట్లని మేమే అనుకున్నాం. కనకవ్వ వింటే మీ అమ్మ కొడుకును మంచిగ మందలిస్తుండె అని ఉండేది.

"నువ్వూ అందుకే ఏడ్చావేమోరా" అన్నాను.

ఎటునుంచి పోతదో అడగాలి

రాజేశంగా నటించినాయన అసలు పేరు సామ్యేల్ అని, ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర వ్యవసాయం చేస్తాడని కనకవ్వ చెప్పి, ఫోన్ నెంబరు ఇచ్చింది. "రమ్మనుండ్రి, అడుగుడెందుకు" అన్నాడాయన ఫోన్లో.

కరీంనగర్‌లో బస్సు ఎక్కుతూ ఆదిలాబాద్ పోతుందా అని అడిగాను. పోతది అన్నాడు కండక్టర్. ఎటునుంచి పోతుందో అడగలేదు. నిర్మల్ మీద కాకుండా మంచిర్యాల చుట్టు తిరిగి, టేకు అడవుల్లో పడి పోయింది ఆ బస్సు. నా నడుము ఇప్పటికీ ఆ దారిని తలుచుకుంటోంది. అయితే ఆ పొరపాటు లేకపోతే లింగయ్య గారు దొరికేవారు కాదు.

నస్పూర్‌కు చెందిన రిటైరైన బొగ్గుగని కార్మికుడాయన. కూతురింటికి ఉట్నూరు వెళ్తూ, మంచిర్యాలలో ఎక్కి ప్రసాద్ పక్కన కూర్చున్నాడు. కూర్చోగానే, ఏ ఊరు, ఏం పని, పెండ్లయిందా అని మొదలుపెట్టాడు. మా ఊళ్ళో ఎవరూ ప్రసాద్‌ను ఇన్ని ప్రశ్నలు వరసగా అడగరు. నేను మధ్యలో అందుకుని జవాబు చెప్పబోతే, "ఆయనకు నోరున్నది గద చెల్లె" అన్నాడు. మూసుకున్నాను.

బొగ్గుగనిని వాళ్ళు బాయి అంటారు. లోపల భయం వెయ్యదా అని ప్రసాద్ అడిగాడు.

"ఎందుకెయ్యది? అందుకే పక్కపొంటి ఉన్నోన్ని గడియగడియకు మందలిచ్చుకుంట ఉంటం. 'ఏమే రాజన్నా' అంటె 'ఆఁ' అనాలె. ఆఁ అనలేదనుకో, పని ఇడిసిపెట్టి ఉర్కుడే."

ఈసారి ఆ మాట మాకిద్దరికీ అర్థమైంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"జవాబు చెప్పే ఓపిక లేకపోతే?" అన్నాడు ప్రసాద్.

"లేకుంటె లేదని చెప్పాలె. అది గుడ జవాబే గదా" అని, సంచిలోంచి ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు, అంటే మన అలసంద గుగ్గిళ్ళు, తీసి వాడి దోసిట్లో పోశాడు లింగయ్య గారు. ఉట్నూరులో దిగి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడి, "పైలంగ పోయి రా తమ్మీ" అని చేయి ఊపాడు. పైలమంటే జాగ్రత్త. ఆ మాటను ఎవరితోనూ పోట్లాడకుండానే నేర్చుకున్నాను.

హేరోదు రాజు ఇంట్లో

ఆదిలాబాద్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. పొద్దున్నే అటుకులు, అంటే పోహా, సేవు చల్లి పెడతారు. మరాఠీ మాట, మరాఠీ రుచి. అక్కణ్ణుంచి బోథ్ దారి పొడవునా చేలు తెల్లగా ఉన్నాయి. పత్తి ఏరుతున్నారు.

సామ్యేల్ గారి ఇంటి మీద కాగితం నక్షత్రం వేలాడుతోంది. క్రిస్మస్ దగ్గర పడింది. పెద్ద మీసాలు, బక్క ఒళ్ళు. చర్చి నాటకంలో ఏటా హేరోదు రాజు వేషం ఆయనదే. "ఏం చేస్త? మీసాలు ఉన్నోన్ని నేనొక్కన్నే. పసిపిల్లలను సంపమని ఆర్డరిచ్చుడు, ఇంటికొచ్చి బర్రెకు గడ్డేసుడు" అన్నాడు. కనకవ్వ మనవడు ఒకసారి ఆ నాటకం వీడియో తీయడానికి వచ్చి, ఈయన్ని చూశాడట.

ఆయన భార్య రూతమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె అరచేతుల మధ్య తిప్పుతూ పలచన చేస్తుంటే చప్పట్లు కొట్టినట్టే ఉంది. రొట్టె, వంకాయ కూర, పచ్చిమిర్చి దంచిన ఠేచా. ఠేచా తిన్నాక కాసేపు నేను యాత్రా విశేషాలేవీ గమనించలేదు.

తిన్నాక ప్రసాద్ చేతులు కడుక్కుని వచ్చి సామ్యేల్ గారి ఎదురుగా కూర్చున్నాడు. దీని కోసమే వచ్చామని నాకు తెలుసు.

"సార్, రాజేశానికి నయమైందా?"

సామ్యేల్ గారు భార్య వైపు చూశాడు. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

"రాజేశం నేనే గదా" అంది.

బోరింగును పలకరించింది ఆమెట. రెండో కాన్పు తర్వాత మతి చెదిరింది. హైదరాబాదు ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఆమెతో ఎవరూ మాట్లాడేవారు కాదు. "కోపంతోని గాదు. ఏమనాలెనో తెల్వక. పిస్సదాన్ని ఏమని మందలిస్తరు చెప్పు? నాకు జూస్తె మాట్లాడకుంటె నాలికె ఎండిపోతుండె. గందుకే బోరింగును అడిగిన." మొదట జవాబిచ్చింది అత్తగారట. కోడలి ఎదురుపడి మాట్లాడటానికి భయపడే మనిషి, బిందె వెనకనుంచి "మంచిగున్న" అందట. సినిమా వాళ్ళు కథను సిరిసిల్లకు, ఆడమనిషిని మగమనిషికి మార్చుకున్నారు. షూటింగంతా ఆమె కెమెరా వెనక నిలబడి మొగుడికి నేర్పింది. "ఈయన ఊకె ఏడ్సుడే. బోరింగును అడిగెటప్పుడు ఏడుపెందుకొస్తది? అది మాట్లాడతదని నమ్మకముంటది గదా! నాటకం గాదయ్యా, నా లెక్క చెయ్యి అంటుంటి."

సామ్యేల్ గారు మీసం దువ్వుకుంటూ తలొంచుకున్నాడు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా తెలియనిది ఆ పది రోజుల్లో తెలిసిందని మెల్లగా అన్నాడు.

"మరి నయమైందా అమ్మా?" ప్రసాద్ వదల్లేదు.

"ఇంక పోలే. గోళీలు ఏసుకుంటున్న. ఒక్కోపారి వస్తది. వచ్చిందంటె, ఏమ్మా మల్లొచ్చినవా అని దాన్ని గుడ మందలిస్త. అది పోవాల్నని కూసుంటె పత్తి ఎవలేరుతరు?"

ప్రసాద్ మొహంలోకి చూడటానికి భయపడ్డాను. నయమైందన్న మాట కోసం కదా ఇంత దూరం వచ్చాడు. వాడు మాత్రం, ఎప్పట్నుంచో దించుకోవాలనుకున్న మూట దించుకున్నట్టు, వీపు గోడకు ఆనించాడు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. హోమ్ నుంచి. వాకిట్లోకి వెళ్ళి, సోమవారం చెబుతానని గుసగుసగా చెప్పి వచ్చేసరికి, రూతమ్మ ఎవరని అడిగినట్టుంది, ప్రసాద్ చెబుతున్నాడు.

"నన్ను హోమ్‌లో చేర్చడానికి."

ఆ మాట వాడి నోట వినడం అదే మొదలు. గడప అవతలే ఆగిపోయాను.

"ఆడ మంచిగుంటదా?" అంది రూతమ్మ, మామూలుగా.

"ఉంటుందట. తోట ఉంది. అక్క ఆఫీసుకు వెళ్తే రోజంతా నాతో మాట్లాడేవాళ్ళు లేరు. అక్కడ మందలించేవాళ్ళు ఉంటారేమో."

"మీ బిల్డింగుల మంది లేరా?"

"ఉన్నారు. నాతో మాట్లాడరు."

"నువ్వు మందలిచ్చినవా?"

"లేదు."

"మరి నేను బోరింగును గుడ అడిగిన గదా. వాళ్ళు దానికంటె అధ్వానమా?" అని లేచి, గంప తలకెత్తుకుని చేనుకు బయల్దేరింది. ప్రసాద్ ఆమె వెనకే వెళ్ళాడు. సాయంత్రం దాకా పత్తి ఏరి, వేళ్ళన్నీ గీసుకుపోయి తిరిగొచ్చాడు. ఏరింది మాత్రం గుప్పెడే, ఆకు చెత్తతో సహా.

తెనాలి

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున ప్రసాద్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగాడు. నేను మెట్ల మీదే ఆగి చూస్తున్నాను. గ్రౌండ్ ఫ్లోరులో సుబ్బారావు మాస్టారు ఉంటారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఊళ్ళో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. తలుపు తీసి, ప్రసాద్‌ను చూసి, ఒక చేత్తో తలుపు పట్టుకునే నిలబడ్డారు.

"మిమ్మల్ని మందలించి పోదామని వచ్చాను మాస్టారూ" అన్నాడు ప్రసాద్.

"నన్నా!" అన్నారు మాస్టారు. ఆయన జీవితంలో ఆ క్రియకు ఎప్పుడూ కర్తే గాని కర్మ కాలేదు. "ఏం చేశానయ్యా నేను?"

నేను పరుగెత్తుకుంటూ దిగి, అవ్వ దగ్గర్నుంచి బోరింగు దాకా కథంతా చెప్పాను. ఆయన విన్నారు. నవ్వలేదు. కాసేపటికి తలుపు మీద చేయి తీసేశారు. "నిఘంటువు తిరగెయ్యాలి" అని గొణిగి, "కాఫీ తాగుతావా?" అని అడిగారు. నన్ను కాదు, ప్రసాద్‌ను.

సోమవారం హోమ్ వాళ్ళకు ఫోన్ చేసి, మంచం ఇంకెవరికైనా ఇవ్వండి, కావలసి వస్తే మళ్ళీ అడుగుతాను అన్నాను. అక్కణ్ణుంచి అంతా బాగుందని రాయడానికి లేదు. మూడో అంతస్తు ఆవిడ ఇప్పటికీ వాణ్ణి చూస్తే పిల్లను లోపలికి లాక్కుంటుంది. వాచ్‌మన్ మొదట్లో భయపడ్డాడు, ఇప్పుడు వాడి కోసం ఎదురుచూస్తాడు. మాస్టారింట్లో రోజూ కాఫీ.

ఈ మధ్య ముసురు పట్టిన రోజుల్లో ప్రసాద్ గది తలుపు మూసుకున్నాడు. బయటికి రాలేదు, తినలేదు. ఆదివారం నేను తలుపు అవతల నిలబడి బతిమాలుతూ, కోప్పడుతూ, ఏడుస్తూ ఉన్నాను. మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్న మాస్టారు రెండంతస్తులు ఎక్కి వచ్చారు. ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని, కర్రతో ప్రసాద్ తలుపు మీద తట్టారు.

"ఏమయ్యా ప్రసాదూ! నన్ను మందలించేవాడు లేడు. నేనే నిన్ను మందలించి పోదామని వచ్చాను. బాగున్నావా?"

లోపల్నుంచి జవాబు లేదు. మాస్టారు నన్ను మాట్లాడవద్దని సైగ చేశారు. ఎంతసేపటికో తలుపు వెనక, దగ్గర్నుంచే, వాడి గొంతు.

"బాగాలేను మాస్టారూ."

"సరే" అన్నారు మాస్టారు. నా వైపు తిరిగి, "ఇక్కడొక కుర్చీ వెయ్యమ్మా" అన్నారు.